మళ్ళీ తిరిగిన కుట్టుమిషను

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఈ సభ జరుపుకుంటున్నాం. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చి, పెన్షను ఏలినవారి దయాదాక్షిణ్యం కాదు, మనం చేసిన కొలువుకు దక్కే హక్కు అని తేల్చింది. డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను "మీ కుట్టుపని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నవ్వులాటకు అన్నారేమో అనుకున్నాను. ఆలోచిస్తే ఇదీ దయకూ హక్కుకూ సంబంధించిన సంగతే అనిపించి ఒప్పుకున్నాను.

నేను 1973లో ఎల్.డి. గుమాస్తాగా చేరాను. మేము అద్దెకున్న ఇంటి అరుగు మీద ఒక దర్జీ మిషను వేసుకుని కూర్చునేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆయన పక్కన చేరి, ముందు గుండీలు కుట్టడం, కాజాలు తీయడం, తర్వాత కత్తిరింపు నేర్చుకున్నాను. వాయిదాల మీద ఒక ఉషా మిషను కొన్నాను. పిల్లల గౌన్లు, నిక్కర్లు, మా ఆవిడ జాకెట్లు, దిండు గలీబులు అన్నీ దాని మీదే. గుమాస్తా జీతంతో పండక్కి ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు వచ్చాయంటే ఆ మిషను చలవే. సీనియర్ అసిస్టెంటునయ్యాక ఫైళ్ళు పెరిగాయి, బజారులో రెడీమేడ్లు పెరిగాయి. మిషను మీద గుడ్డ కప్పాం. గుడ్డ మీద టీవీ పెట్టాం. టీవీ గోడకెక్కాక పాత పేపర్లు పెట్టాం. 2008లో రిటైరయిన తర్వాత కూడా నేను దాని జోలికి పోలేదు.

2021లో మా ఆవిడకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల, డాక్టర్ల దయవల్ల మాట వచ్చింది, నడక వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం భుజం పైకి లేవలేదు. ఇరుకు చేతుల జాకెట్టులో ఆ చెయ్యి దూరదు. హుక్కులు పెట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. అమ్మాయి నైటీలు తెచ్చింది గాని, అవి తలమీంచి వేసుకోవాలి. అందుచేత రోజూ పొద్దున్నే నేనో, కోడలో బట్టలు వేసేవాళ్ళం. మేము విసుక్కున్నది లేదు. కానీ వేస్తున్నంతసేపూ ఆవిడ గోడవైపు చూసేది. ఎవరైనా తలుపు కొడితే లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. వీధి అరుగు మీద కూర్చోవడం మానేసింది. గుడికి వెళ్ళడం మానేసింది. మనవరాలి పెళ్ళి కుదిరినప్పుడు "మీరు వెళ్ళి రండి. ఈ నైటీతో నేనెక్కడికి వస్తానండీ" అంది.

బజారులో ఒక దర్జీని అడిగాను. "ఇలాంటి పని మాకు గిట్టదు మాస్టారూ" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. నాలుగు జాకెట్లు కుట్టే సమయం ఒక్కదానికి పడుతుంది. ఆ రాత్రి మిషను మీది పేపర్లు తీసి కింద పెట్టాను. ముప్ఫయ్యయిదేళ్ళు దబ్బనంతో ఫైళ్ళు కుట్టిన చెయ్యి జాకెట్టు కుట్టలేదా అనుకున్నాను.

కుట్టలేదండీ! మొదటి వారమంతా కిందివైపు దారం ఉండలు కట్టింది. బాబిన్ తప్పు అనుకుని దాన్ని విప్పి చూస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే తప్పు పైదారం ఎక్కించడంలో ఉంది. కింద ఉండ కడితే చాలాసార్లు దోషం పైనే ఉంటుంది. మన ఆఫీసుల సంగతి నేను చెప్పక్కర్లేదు. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను, వణికే వేళ్ళు. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది, దారం ఆ గాడి ఉన్నవైపు నుంచే ఎక్కించాలన్నది కూడా మరిచిపోయాను. మొదట కుట్టిన జాకెట్టు ఒక్క ఉతుకుతో బిగుసుకుపోయింది. నూలుగుడ్డను రాత్రంతా నానబెట్టి ఆరేశాకే కత్తెర పెట్టాలని మా గురువు నేర్పిన మొదటి పాఠం.

ఆ తర్వాత పద్ధతిగా మొదలుపెట్టాను. మీకు పనికొస్తుందని వివరంగా మనవి చేస్తున్నాను.

ఒకటి, కొలతలు నిలబెట్టి కాదు, కూర్చోబెట్టి తీసుకోవాలి. వయసుతో వీపు వంగుతుంది. వెనక పొడుగు ఎక్కువ కావాలి, ముందు తక్కువ చాలు. రెడీమేడు బట్ట వెనక పైకి లేచేది అందుకే.

రెండు, కొత్తగుడ్డ ముట్టుకోకుండా ముందు పాత పంచె మీద కత్తిరించి, టాకాలు వేసి, తొడిగి చూడాలి. నేను మూడు పంచెలు పాడుచేశాను. నష్టం లేదు.

మూడు, చంక దగ్గర గుడ్డ వదులుండాలి. పాతకాలపు లాల్చీలకు చంకలో నలుపలకల ముక్క అతికేవారు, గుర్తుందా? ఆ ముక్క పెట్టి, చెయ్యి వెడల్పు చేస్తే, లేవని చెయ్యి కూడా ఇబ్బంది లేకుండా దూరుతుంది.

నాలుగు, హుక్కుల బదులు వెల్‌క్రో పట్టీ. మన పొలం గట్ల మీద ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకుంటాయి కదా, అదే సూత్రం. 1941లో జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విట్జర్లాండు ఇంజనీరు తన బట్టలకూ, కుక్క బొచ్చుకూ అంటుకున్న కాయలను చూసి దీన్ని ఊహించాడు. గరుకువైపు ఒంటికి తగలకుండా, మెత్తనివైపు ఒంటివైపు వచ్చేలా కుట్టాలి. పొడుగు పట్టీ కంటే చిన్న చిన్న ముక్కలు ఒంటిచేత్తో ఊడదీయడం సులువు. ఉతికేముందు మూసి ఉంచాలి, లేకపోతే నూగు పడుతుంది. పైకి అందంగా ఉండడానికి ఉత్తుత్తి గుండీలు కుట్టాను.

ఐదోది కుట్టుపని కాదు, వ్యాయామం చేయించే అమ్మాయి నేర్పింది. వేసుకునేటప్పుడు బలంలేని చెయ్యి ముందు, విప్పేటప్పుడు బలమున్న చెయ్యి ముందు. ఈ వరస తెలియక మేము ఎన్ని నెలలు ఆవిడను బాధపెట్టామో!

జాకెట్టు కుదిరింది. చీర మిగిలింది. తన పట్టుచీరకు కత్తెర పెట్టవద్దంది. పెట్టలేదు. కుచ్చిళ్ళు మడిచి పైన టాకాలు వేశాను. నాడాకు బదులు నడుముకు వెడల్పు పట్టీ, దానికి వెల్‌క్రో అమర్చి, చీర అంచును ఆ పట్టీకి టాకా వేశాను. పమిట మడతలు కూడా ముందే కుట్టి, భుజం మీద అంటుకునేలా చేశాను. టాకాలు విప్పితే మళ్ళీ మామూలు చీరే.

పెళ్ళినాడు తలుపు వేసుకుని "మీరు రాకండి" అంది. నేను బయట నిలబడ్డాను. గడియారం చూస్తూ ఉన్నాను. పావుగంటయింది. ఇరవై నిమిషాలయింది. పిలవబోయి ఆగాను. తలుపు తీసింది. పమిట కొంచెం వంకరగా ఉంది. సరిచేయబోయాను. "ఉండనివ్వండి, నేనే కట్టుకున్నాను" అంది. ఆ వంకర పమిటతోనే పెళ్ళిలో మూడు గంటలు కూర్చుంది.

మిత్రులారా, డబ్బు కోసం మనం ఒకరి ముందు చెయ్యి చాచకుండా పెన్షను కాపాడుతోంది. కానీ పొద్దున్నే ఒక హుక్కు కోసం చెయ్యి చాచవలసి వచ్చినప్పుడు ఏ జీవో కాపాడుతుంది? వేసేవాళ్ళు ప్రేమగానే వేస్తారు. అయినా వేయించుకునేవారికి అది దయగానే తోస్తుంది. అందుకని మీ ఇంట్లో ఎవరైనా బయటికి రావడం తగ్గించారంటే, ఓపిక లేదేమో, కోపమేమో అనుకునే ముందు, బట్టల సంగతి ఒక్కసారి అడిగి చూడండి. మగవాళ్ళు మిషను తొక్కడమేమిటని సిగ్గుపడవద్దు. నేను కొలతలు తీసుకున్నప్పుడు మా అబ్బాయి నవ్వాడు. ఇప్పుడు బాబిన్ చుట్టిపెట్టేది వాడే.

కావలసినవారు ఆదివారం ఉదయం ఒక పాత పంచె తీసుకుని మా ఇంటికి రండి. కత్తిరింపు కాగితం మీద గీసి ఇస్తాను. కాఫీ మా ఆవిడ ఇస్తుంది. ఆవిడ ఈరోజు ఈ సభలో మూడో వరసలో కూర్చుని ఉంది. వరస తప్పి ఏదైనా చెప్పి ఉంటే ఇంటికి వెళ్ళాక సరిదిద్దుతుంది.