పది నోట్లు, పది సంతకములు

ఇటీవల మా బంధువుల కుర్రవాడొకడు హైదరాబాదులో తాను చేయుచున్న మంచి ఉద్యోగమును వదలుకొని, స్వంతముగా ఒక సంస్థను స్థాపింపదలచి మా యింటికి వచ్చెను. "మామయ్యా, ఇన్నేండ్లుగా రేడియోలో ఉన్నారు. ఎందరో పెద్దలు మీ స్టూడియోకు వచ్చి మాటలాడి వెళ్లుచుందురు గదా! పెట్టుబడి పెట్టగల వారికెవరికైనా నన్ను గూర్చి ఒక మాట చెప్పరాదా?" అని అడిగెను. మేము మూడు ఉత్తరములు వ్రాసితిమి. ఒక్కదానికిని బదులు రాలేదు. మా పరిచయములు ఎంతవరకు పరిచయములో అప్పుడు మాకు బోధపడినది. నేటి ప్రసంగమునకు ఆ మూడు ఉత్తరములే కారణము.

శ్రోతలారా, నేడు మన యువకులు స్టార్టప్ అనియు, వెంచర్ క్యాపిటల్ అనియు తరచుగా పలుకుచున్నారు. వెంచర్ క్యాపిటల్ అనగా అప్పు కాదు. తాకట్టు ఉండదు, వడ్డీ ఉండదు. సంస్థ వృద్ధి పొందినచో పెట్టుబడిదారునికి భాగము దక్కును. మునిగినచో అతని సొమ్మును మునుగును. తనఖా పత్రము లేని చోట ధనవంతుడు దేనిని నమ్మి ధనమిచ్చును? మనుష్యునే నమ్మవలెను. అట్టి నమ్మకము ఎట్లు పుట్టునో తెలిసికొనుటకు 1957వ సంవత్సరపు కాలిఫోర్నియాకు వెళ్లవలసియున్నది.

ట్రాన్సిస్టరును కనుగొన్నందులకు 1956లో నోబెల్ బహుమానము నందుకొన్న ముగ్గురిలో విలియం షాక్లీ ఒకడు. ఆయన మౌంటెన్ వ్యూ పట్టణమున ప్రయోగశాలను నెలకొల్పి, ప్రతిభావంతులైన యువకులను ఏరికోరి రప్పించెను. మనుష్యులను ఎన్నుకొనుటలో ఆయనకు సాటి లేదు. వారిని నిలుపుకొనుట మాత్రము చేతకాలేదు. సహచరులను అనుమానించి, అబద్ధములను పట్టు యంత్రముతో పరీక్షింపవలెనని కూడ పట్టుపట్టెను. వారు మొదట ప్రయోగశాలకు ధనమిచ్చిన ఆర్నాల్డ్ బెక్‌మన్‌తో మొరపెట్టుకొనిరి. ఆయన కొంత ఆలకించి, తుదకు షాక్లీ పక్షమే వహించెను. తరువాత ఎనమండుగురు కలిసి వెలుపలికి నడచిరి. వారికి 'ద్రోహులు' అను బిరుదు దక్కినది. మా మట్టుకు ఆ మాట న్యాయముగా తోచదు. చెప్పవలసిన చోట చెప్పి, వినిపించుకొనకపోగా వెళ్లినవాడు ద్రోహి యెట్లగును?

వారిలో వియెన్నాలో జన్మించిన యూజీన్ క్లైనర్ ఒకడు. న్యూయార్కులోని హేడెన్ స్టోన్ అను సంస్థలో అతని తండ్రికి ఖాతా కలదు. ఆ పరిచయముతో క్లైనర్ ఒక ఉత్తరము వ్రాసెను. తమ నందరిని కలిపి ఉద్యోగములోనికి తీసికొను కంపెనీ ఎక్కడనైనా కలదా అన్నదే అందలి ప్రశ్న! స్వంత సంస్థ మాట వారికి తోచనేలేదు. ఆ ఉత్తరము ఆర్థర్ రాక్ అను యువకుని చేతికి వచ్చెను. రోచెస్టరులో మిఠాయి అంగడి నడుపుకొను వాని కుమారుడతడు. రాక్‌ను, అతని పైయధికారి కోయిల్‌ను కాలిఫోర్నియాకు వచ్చి, ఉద్యోగము వెదకుట మాని మీరే సంస్థను పెట్టుడని చెప్పిరి. ఒప్పంద పత్రము సిద్ధముగా లేదు. కోయిల్ జేబులోనుండి పది ఒక్క డాలరు నోట్లు తీయగా, పదిమందియు ప్రతి నోటుపైనను సంతకము చేసిరి. తలకొక నోటు.

రాక్ ముప్పదికి పైగా కంపెనీల తలుపు తట్టెను. అన్నియు కాదన్నవి. తుదకు షెర్మన్ ఫెయిర్‌చైల్డ్ 13,80,000 డాలర్లిచ్చుటకు అంగీకరించెను. ఎనమండుగురును తలకు 500 డాలర్లు వేసికొనిరి. రెండేండ్లకే, 1959లో, ఫెయిర్‌చైల్డ్ కంపెనీ వారి భాగములను కొనివేయగా ఒక్కొక్కరికి దాదాపు 2,50,000 డాలర్ల విలువ ముట్టెను.

వీరిలో రాబర్ట్ నోయిస్ వృత్తాంతము మాకు మిక్కిలి ఇష్టము. అతడు అయోవాలోని చిన్న పట్టణమున ఒక మతబోధకుని కుమారుడు. గ్రిన్నెల్ కళాశాలలో చదువుచు, 1948లో విద్యార్థుల విందు కొరకు ఒక రైతు పందిని దొంగిలించెను. పందుల పెంపకమే జీవనాధారమైన ఆ ప్రాంతమున అది చిలిపి చేష్ట కాదు, పెద్ద నేరము. భౌతికశాస్త్రాచార్యుడు గ్రాంట్ గేల్ అడ్డుపడకపోయినచో నోయిస్ చదువు అంతటితో ముగిసియుండెడిది. కొంతకాలపు బహిష్కారముతో గండము గడచెను. ట్రాన్సిస్టరు సృష్టికర్తలలో ఒకడైన బార్డీన్‌తో ఈ గేల్‌కు పూర్వ పరిచయము. ఆ విధముగా ఆ మారుమూల కళాశాలలో నోయిస్ దృష్టి ట్రాన్సిస్టరుపై పడినది. ఇరువదేండ్ల తరువాత, 1968లో, నోయిస్, గోర్డన్ మూర్ కలిసి ఇంటెల్ స్థాపించునప్పుడు గ్రిన్నెల్ కళాశాలకు కూడ భాగము దక్కెను. కుర్రవానిని వెనుకవేసికొని వచ్చిన నాడు గేల్ వాటాల లెక్క వేసియుండడు.

ఇంటెల్‌కు కావలసిన 25,00,000 డాలర్లను సమకూర్చినది ఆ ఆర్థర్ రాక్‌యే. ఈ మారు ముప్పది తలుపులు తట్టవలసిన అవసరము లేకపోయెను, ఫోను సరిపోయెను. నడుమ గడచిన పదునొకండేండ్లే ఆ తేడాకు కారణము. క్లైనర్ 1972లో తానే పెట్టుబడి సంస్థ స్థాపకులలో ఒకడయ్యెను. నాడు ఉత్తరము వ్రాసి ఎదురుచూచినవాడు ఇతరుల ఉత్తరములు చదువు స్థానమునకు వచ్చెను.

ఇందు అన్యాయము లేదా? కలదు. తండ్రికి న్యూయార్కులో ఖాతా లేనివాని ఉత్తరము ఎవరి బల్లపైకి చేరును? ఈ వలయమునకు వెలుపలనున్నవారికి ప్రవేశము దుర్లభమని పలువురు వాపోయిరి. సిలికాన్ లోయలోని భారతీయులు 1992లో టై అను సంఘము స్థాపించుకొన్నది, ముందు వచ్చినవారు వెనుక వచ్చువారికి దారి చూపుటకే. హైదరాబాదులో 2015లో టీ-హబ్ ఏర్పడుటకును ఇట్టి ఆలోచనయే మూలము. భవనములు పరిచయములను కలిగింపగలవు, నమ్మకమును కలిగింపజాలవు. దానికి కలిసి పనిచేసిన దినములు కావలెను.

కుర్రవాడు మరల వచ్చినప్పుడు మేము నాలుగవ ఉత్తరము వ్రాయలేదు. "నీతో పనిచేసినవారిలో జీతము మానుకొని నీవెంట రాగలవారెందరు?" అని అడిగితిమి. చాలసేపు ఆలోచించి, "ఇద్దరు, మామయ్యా" అనెను. ఆదివారము వారిని భోజనమునకు తీసికొని రమ్మంటిమి. ఒక్కడే వచ్చెను. రెండవవానికి ఇంటి అప్పు తీరలేదట. భోజనమైన తరువాత వారిద్దరును మా వసారాలో కూర్చుండి, దీపములు పెట్టువేళ దాటినను, కాగితముపై ఏవో లెక్కలు వేసికొనుచునే యుండిరి.