స్వామి సన్నిధిలో తెర – దానిని మోయు కడ్డీ
(కుంభాభిషేక మహోత్సవ సందర్భమున యాగశాల ప్రాంగణములో చేసిన ప్రసంగ పాఠము)

 

విమాన శిఖరమును గూర్చి, కలశములను గూర్చి, అష్టబంధనమును గూర్చి పెద్దలు ఇంతకుముందే సవిస్తరముగా సెలవిచ్చియున్నారు. నేను మీతో ముచ్చటింపదలచినది సన్నిధి ముందు వ్రేలాడు తెరను గూర్చి, ఆ తెరను మోయు కడ్డీని గూర్చి. ఇది చిన్న విషయమని తోచవచ్చును. కాని ప్రతిదినము పలుమారులు ఆ కడ్డీ క్రిందనే హారతి పళ్ళెము నడచును. అర్చకుడు, పరిచారకుడు, తీర్థమునకై చేయి చాచిన పసిబిడ్డ, అందరును ఆ కడ్డీ క్రిందనే నిలుతురు. కనుక ఇది ఉపేక్షింపదగినది కాదు.

అమరసింహుడు తన నామలింగానుశాసనమున తెరకు ప్రతిసీర, జవనిక, తిరస్కరిణి అను పేర్లు చెప్పినాడు. మరుగుపరచునది గనుక తిరస్కరిణి. నైవేద్య సమయమునందును, అభిషేకానంతరము వస్త్రాలంకారము చేయు సమయమునందును తెర వేయుట మన ఆచారము. త్యాగరాజస్వామి తిరుమలలో సన్నిధికి తెర వేసియుండుట చూచి గౌళిపంతు రాగమున ఒక కృతి పాడిరని, అంతట తెర తొలగెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఆ మహానుభావుడు తొలగింపుమని వేడినది తన మనస్సును కప్పిన అసూయను. తెర తొలగిన క్షణమున కలుగు దర్శనమునకు మన సంప్రదాయములో ఎంతటి విలువ యున్నదో దీనివలన తెలియుచున్నది. అట్టి క్షణమున కడ్డీ వంగి, వలయములు చిక్కుపడి, పరిచారకుడు వస్త్రమును పట్టి గుంజుచుండిన ఎట్లుండునో మీరే ఊహింపుడు.

మన ఆలయమునకు ఈ జీర్ణోద్ధరణలో ఒక భక్త కుటుంబమువారు జరీ అంచు గల మఖమల్ తెరను సమర్పించిరి. కుంభాభిషేకానంతరము జరుగు ప్రథమ దర్శనమునకు ఆ తెరయే తొలగవలెనని వారి కోరిక. కోరిక ఉత్తమమైనది. అయితే పూర్వము పలుచని నూలు తెరకు వాడిన కడ్డీ మీదనే దీనిని వ్రేలాడదీయుదమని కొందరు, ద్వారబంధపు రాతికి కొత్త రంధ్రములు వేయుదమని మరికొందరు పలికిరి. స్థపతిగారు, వడ్రంగి, అర్చకులము కలసి ఆలోచించి రెండును వలదని నిర్ణయించితిమి. అందుకు కారణములు మీకు విన్నవించుట నా విధి.

మొదట బరువు సంగతి. మన అంతరాళ ద్వారము 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. ఇరుప్రక్కల అరయడుగు చొప్పున మిగిల్చిన కడ్డీ 7 అడుగులు. తెర కుచ్చిళ్ళతో నిండుగా కనబడుటకు వస్త్రము కడ్డీకి రెట్టింపు వెడల్పు, అనగా 14 అడుగులు ఉండవలెను. అంచు మడతలతో ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. మొత్తము సుమారు 11 చదరపు మీటర్ల వస్త్రము. చదరపు మీటరుకు 350 గ్రాములు తూగు మఖమల్ అయినచో దాదాపు 4 కిలోలు. లోపలి అస్తరు ఒకటిన్నర కిలో. జరీ పని, అంచులు, మువ్వలు కలసి మరి 3 కిలోలు. వస్త్రమే ఎనిమిది, తొమ్మిది కిలోలు. కడ్డీ, వలయములు మరి 4 కిలోలు. అనగా గోడ మోయవలసినది 12, 13 కిలోలు. దీనికి తోడు తెరను లాగునపుడు చేతి బలము అదనము. పండుగనాటి తొందరలో ఒక్క గుంజు గుంజినచో తెర బరువును మించిన బలము దానిపై పడును. కనుక తెర తెచ్చు దాతలు ముందుగా దానిని తూచి ఆ అంకెను సంఘమువారికి తెలుపవలెనని నా మొదటి మనవి.

రెండవది కడ్డీ. మన దేవాలయములలో ఇత్తడి కడ్డీ యందు మక్కువ ఎక్కువ. చూచుటకు శోభాయమానము, మంగళకరము. కాని ఒకే కొలత గల గొట్టములలో ఇత్తడి ఉక్కుకంటె దాదాపు రెట్టింపు వంగును. కనుక లోపల స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టము, దానిపై ఇత్తడి తొడుగు ఉంచుట మేలైన మార్గము. బలము ఉక్కుది, శోభ ఇత్తడిది.

లావు విషయమున మరియొక సూక్ష్మమున్నది. ముప్పాతిక అంగుళము, అనగా 19 మిల్లీమీటర్ల లావు, 1 మిల్లీమీటరు మందము గల ఉక్కు గొట్టమును 7 అడుగుల దూరమున రెండు కొసల మాత్రము ఆనించి మన తెరను వ్రేలాడదీసినచో నడుమ దాదాపు ఒక అంగుళము క్రుంగును. క్రుంగిన చోటికి వలయములన్నియు జారి చేరును. తెర సగములో ఆగును. అదే 32 మిల్లీమీటర్ల లావు, 2 మిల్లీమీటర్ల మందము గల గొట్టమైనచో క్రుంగు మూడు, నాలుగు మిల్లీమీటర్లకు మించదు, కంటికి కనబడదు. కడ్డీ లావు కొంచెము పెరిగినను దాని బిగువు అనేక రెట్లు పెరుగును. బోలుగా నున్న లావు గొట్టమే సన్నని నిండు చువ్వకంటె ఇందులకు తగినది.

నడుమ ఒక ఆధారమిచ్చి ఆనుదూరమును సగము చేసినచో క్రుంగు పదహారవ వంతుకు తగ్గును. అయితే వలయములు నడిమి ఆధారమును దాటి పోజాలవు. కనుక తెరను రెండు భాగములుగా కుట్టించి, నడుమ కలిసి ఇరుప్రక్కలకు తొలగునట్లు చేసినపుడే నడిమి ఆధారము పొసగును. ఒకే ప్రక్కకు తొలగు ఏకవస్త్రపు తెరకు నడుమ ఆధారము కుదరదు గనుక లావైన గొట్టమే శరణ్యము. తెర కుట్టించుటకు ముందే ఈ నిర్ణయము జరుగవలెను. మన తెర రెండు భాగములుగా నున్నది. కావున 32 మిల్లీమీటర్ల గొట్టమునకు నడిమి ఆధారమును గూడ ఏర్పరచితిమి.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, కడ్డీని దేనికి బిగింపవలెనను ప్రశ్న. మన ద్వారబంధము ఏకశిల. ఉత్తరాశి మీద లలాటబింబముగా గజలక్ష్మి యున్నది. దాని కుడి అంచున రాయి పెచ్చు లేచియుండుట మీలో చాలమంది చూచియుందురు. ఎప్పుడో తెర కొరకు రాతిలో దిగగొట్టిన ఇనుప మేకు త్రుప్పుపట్టి ఉబ్బినందున జరిగిన హాని అది. ఇనుము త్రుప్పు పట్టినపుడు దాని పరిమాణము పెరుగును. రాతి లోపల పెరుగుటకు చోటు లేక రాతినే చీల్చును. విరిగిన కడ్డీకి బదులు మరొకటి కొనవచ్చును. చీలిన లలాటబింబమునకు బదులు ఏ అంగడిలోను దొరకదు.

మరియు, ద్రాక్షారామము, సామర్లకోట, 2021లో ప్రపంచ వారసత్వ స్థానముగా గుర్తింపబడిన పాలంపేట రామప్ప దేవాలయము వంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అట్టి కట్టడములకు 1958 నాటి చట్టము వర్తించును. అనుమతి లేక వాని రాతిలో ఒక్క మేకు దింపుటయు తగదు. మన ఆలయము ఆ జాబితాలో లేకున్నను, రాయి మాత్రము రాయియే గదా!

కనుక రాతిని తాకని ఉపాయము చేసితిమి. ద్వారబంధమునకు ముందు రెండు టేకు స్తంభములు నిలిపి, పైన ఒక టేకు దూలము కూర్చి, కడ్డీని ఆ దూలమునకు బిగించితిమి. ఒరిగి పడకుండుటకు స్తంభముల పాదములు ముందుకును వెనుకకును చాచి యుండును. ప్రక్క గోడలకును స్తంభములకును నడుమ రబ్బరు పొరతో చెక్క చీలలు మెత్తగా ఆనించితిమి, గట్టిగా దిగగొట్టలేదు. దూలము గజలక్ష్మికి పైగా పోవుటచే అమ్మవారి బింబము మరుగుపడదు. ద్వారపాలకులును తెర వెలుపలనే యుందురు.

మీ గ్రామములలోను, మీ గృహములలోను ఇటుక గోడకు బిగింపవలసి వచ్చినపుడు గమనింపవలసినవి కొన్ని. గోడ పైపూత బలము బలము కాదు. స్క్రూ పూతను దాటి ఇటుకలోనికి గాని కాంక్రీటులోనికి గాని కనీసము రెండంగుళములు దిగవలెను. ద్వారము పైన కాంక్రీటు లింటెల్ ఉన్నచో అదియే ఉత్తమ స్థానము. బోలు ఇటుకలకును, తేలిక దిమ్మెలకును సామాన్యపు ప్లగ్గులు పనికిరావు. అట్టి గోడలకు తగిన యాంకర్లనే వాడవలెను, లేదా గోడ ఆవలి వైపుకు వచ్చు బోల్టు వేసి రేకు బిళ్ళతో బిగింపవలెను. జిప్సం పలకల కప్పునకు బరువు తెరను ఎన్నడును వ్రేలాడదీయరాదు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావలెను. అభిషేక జలము, తేమ, ధూపము నిత్యముండు చోట సామాన్య ఇనుము నిలువదు.

బ్రాకెట్ ఎంత ముందుకు పొడుచుకొని వచ్చునో పై స్క్రూపై అంత లాగుడు పెరుగును. ఉదాహరణకు, గోడ నుండి 4 అంగుళములు ముందుకు వచ్చిన బ్రాకెట్ మీద 6 కిలోల బరువున్నదనుకొనుడు. పై స్క్రూకును, బ్రాకెట్ క్రింది కొసకును నడుమ దూరము 2 అంగుళములే యైనచో పై స్క్రూను గోడనుండి ఊడబెరుకు లాగుడు 12 కిలోలు. అదే దూరము 4 అంగుళములైన లాగుడు 6 కిలోలకు దిగును. కనుక నిలువుగా పొడవైన పాదము గల బ్రాకెట్‌ను ఎన్నుకొనుడు. పూల నగిషీ చూచి పొట్టి పాదము గలదానిని కొనకుడు.

ఇక అగ్ని విషయము. హారతి వెలుగు తెరను తాకు దూరమున ఉండరాదు. తెర తొలగినపుడు కుచ్చిళ్ళు చేరు చోట కుందులు, అఖండ దీపము ఉంచరాదు. కృత్రిమ నూలు వస్త్రము అంటుకొన్నచో కరగి చర్మమునకు అతుకును. కావున సన్నిధికి పట్టు గాని నూలు గాని మేలు. అవియును మండునవే గనుక దూరము పాటించుట మాత్రము తప్పదు. మఖమల్ తెచ్చువారు నూలు మఖమల్ అడిగి తీసికొనుడు. తెర అంచు నేలకు ఒక అంగుళము పైన నిలువవలెను. అట్లైన అభిషేక జలము పీల్చి బరువెక్కదు, నడచువారి కాలికి తగులదు.

తెరను వస్త్రము పట్టి లాగుట మాని, ప్రక్కన కప్పీ మీదుగా త్రాడు అమర్చుట మంచిది. వలయములు నాలుగు నుండి ఆరు అంగుళములకు ఒకటి చొప్పున ఉండవలెను. కడ్డీపై వదులుగా జారవలెను.

కడ్డీ బిగించిన వెంటనే తెర కట్టలేదు. తెర బరువుకు మూడింతలుగా 27 కిలోల ఇసుక సంచులను కడ్డీ పొడవునను సమముగా వ్రేలాడదీసి, క్రింద ఎవరును నిలువకుండ ఒక రాత్రి యుంచితిమి. ఉదయమున కొలిచి చూడగా ఎచ్చటను సడలలేదు. ఆ పిమ్మటనే తెర ఎక్కినది. ఇందులకు పది దినములు జాగు కాగా, తెర సమర్పించిన కుటుంబమువారు సహనముతో అంగీకరించిరి. ఆ అంగీకారము వారి వస్త్రదానముతో సమానమైన కైంకర్యమని నా భావన.

తిరుమలలో ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగు పర్వములకు ముందు కోయిల్ ఆళ్వార్ తిరుమంజనమను పేర ఆలయ శుద్ధి జరుగును. ఆ సందర్భములలో భక్తులు పరదాలు సమర్పించుటయు కలదు. ఆ మహాక్షేత్రపు క్రమమును మనమును మన శక్తి కొలది అనుసరింపవచ్చును. ఏడాదికి నాలుగు మారులు తెరను దింపి దులిపి, స్క్రూలను బిగించి, స్తంభముల పాదములను, త్రాటిని, వలయములను పరీక్షించి, తేదీతో పుస్తకమున వ్రాయవలెనని సంఘమువారిని కోరితిని. వారు సమ్మతించిరి. నా తరువాత వచ్చు అర్చకునకు ఆ పుస్తకము ఉపకరించును.

దాతలకు ఒక్క మాట. కలశమునకు, గంటకు, తెరకు ద్రవ్యమిచ్చువారు పలువురు. బ్రాకెట్‌కు, బోల్టునకు, టేకు స్తంభపు పాదమునకు ఇచ్చువారు అరుదు. వానిపై పేరు చెక్కుటకు చోటుండదు. ఈ పర్యాయము ఆ వ్యయమును తమ పేరు ప్రకటింపవలదని కోరిన ఒక భక్తుడు భరించినాడు. రేపు తెర తొలగినపుడు మీ చూపు స్వామివారి మీదనే యుండును. కడ్డీని ఎవరును చూడరు. అట్లే కావలెను.

స్వామివారి అనుగ్రహము మీ అందరి గృహములయందు వర్ధిల్లుగాక. ఈ గ్రామము సస్యసమృద్ధితో, ఆరోగ్యముతో విలసిల్లుగాక.

స్వస్తి. శుభం భూయాత్.