ద్రవ్యానికి వినియోగం చెప్పుకోవాలి





ఈ వేళ మనం చెప్పుకోబోయే విషయం ధనం. దేవాలయ ప్రాంగణంలో కూర్చొని ధనం మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన పెద్దలు అట్లా అనుకోలేదు. పురుషార్థాలను నాలుగుగా లెక్కించి, అర్థాన్ని ధర్మానికి ప్రక్కనే కూర్చోబెట్టారు. సంస్కృతంలో అర్థమనే శబ్దం ధనాన్నీ చెప్తుంది, ప్రయోజనాన్నీ చెప్తుంది, మాటలోని భావాన్నీ చెప్తుంది. ప్రయోజనమెరుగని ధనం భావం లేని మాట వంటిది. అది నోటి నుండి వెలువడుతుంది గాని, వినేవారికి ఏమీ అందదు.

ధనం ఎట్లా సంపాదించాలో చెప్పేవారు నేడు చాలామంది ఉన్నారు. ఎట్లా దాచాలో చెప్పేవారికీ కొదువ లేదు. నేను అడగదలచినది వేరొక ప్రశ్న. మనం దేనిని శ్రేష్ఠమని నోటితో చెప్తున్నామో, మన చేతిలోని ద్రవ్యం దాని వైపు నడుస్తున్నదా, లేదా?

పూజకు కూర్చొన్నప్పుడు ఆచమనం చేసి సంకల్పం చెప్తాము. దేశకాలాలు, గోత్రనామాలు చెప్పి, ఏ ఫలాన్ని ఉద్దేశించి ఈ కర్మ చేస్తున్నామో చెప్తాము. ఇది నోటి సంకల్పం. చేతి సంకల్పం మరొకటి ఉన్నది. అది ఇంటి జమాఖర్చుల చిట్టాలో ఉంటుంది. నోరు ఒక దిక్కుకు, చేయి మరొక దిక్కుకు సాగితే ఆ గృహస్థు జీవితంలో తృప్తి ఎక్కడ నిలుస్తుంది?

ఈ వైరుద్ధ్యాన్ని మొట్టమొదట పట్టుకొన్నవాడు ఒక చిన్న పిల్లవాడు. నచికేతుని కథ మన తైత్తిరీయ బ్రాహ్మణంలోనూ ఉన్నది, కఠోపనిషత్తులోనూ ఉన్నది. అతని తండ్రి తనకున్నదంతా ఇచ్చివేసే యాగం తలపెట్టాడు. సంకల్పం చాలా గొప్పది. దక్షిణగా తోలుకొని వచ్చిన ఆవులను చూస్తే, అవి ఇక నీరు త్రాగలేవు, గడ్డి మేయలేవు, పాలివ్వలేవు, ఈనలేవు. ఇంట ఉంచుకొన్నా భారమే అయినవాటిని దానమని ఇస్తున్నాడు. సర్వస్వమని నోరు అంటున్నది, పనికిరానివని చేయి చూపుతున్నది. పిల్లవానిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెప్తున్నది. తండ్రిని నిందించకుండా, నన్ను ఎవరికి ఇస్తారని మూడుమార్లు అడిగాడు. అన్నీ ఇచ్చేవాడు తనకు అత్యంత ప్రియమైనదానిని కూడా ఇవ్వాలి కదా అని ఆ ప్రశ్నలోని ఆంతర్యం. మన ఇంటి చిట్టాను మన పిల్లలు చదివితే వారు ఏ ప్రశ్న అడుగుతారో ఒకసారి ఆలోచించండి.

వేదాధ్యయనం చేసేవారికి గురువులు ఒక నియమం చెప్తారు. మంత్రానికి ఋషి ఎవరు, ఛందస్సు ఏది, దేవత ఎవరు, వినియోగం దేనికి అనే నాలుగింటినీ తెలుసుకొని మంత్రాన్ని పలకాలి. తెలియకుండా పలికితే ఫలం పూర్ణంగా దక్కదు. వినియోగమనే ఆ మాటనే మనం తెలుగులో ధనవ్యయానికీ వాడుకొంటున్నాము. మంత్రాన్ని అడిగే నాలుగు ప్రశ్నలనూ మన ద్రవ్యాన్ని కూడా అడగవచ్చునని నాకు తోస్తుంది.

మొదటిది ఋషి. మంత్రం ఎవరి ద్వారా లోకానికి వచ్చిందో వారు ఋషి. ఈ రూపాయి ఎవరి ద్వారా, ఏ మార్గాన నా ఇంటికి వచ్చింది? శౌచాలన్నింటిలోకీ అర్థశౌచమే గొప్పదనీ, ధనం విషయంలో శుద్ధుడైనవాడే శుద్ధుడనీ, మట్టితోనూ నీటితోనూ కడుగుకొన్నంత మాత్రాన శుద్ధి కాదనీ మనువు చెప్పాడు. అన్యాయంగా వచ్చిన ద్రవ్యాన్ని గుడి హుండీలో వేసినంత మాత్రాన అది వచ్చిన దారి మారదు.

రెండవది ఛందస్సు. ఛందస్సంటే మితి, కొలత. గాయత్రికి ఇరువది నాలుగు అక్షరాలు. ఖర్చుకు కూడా ఇటువంటి కొలత ఉండాలి. రఘువంశం అయిదవ సర్గలో కాళిదాసు ఒక ఘట్టం చిత్రించాడు. విశ్వజిద్యాగంలో సర్వస్వం దానం చేసిన రఘుమహారాజు వద్దకు వరతంతు శిష్యుడైన కౌత్సుడు వచ్చాడు. గురుదక్షిణగా పదునాలుగు కోట్లు కావాలి. రాజు అర్ఘ్యం తెచ్చినది మట్టిపాత్రలో. బంగారు పాత్రలన్నీ అప్పటికే దానమైపోయినవి. అటుపిమ్మట కుబేరుని వలన కోశాగారం నిండగా, రాజు దానినంతా ఇస్తానంటాడు, శిష్యుడు గురువుకు ఇవ్వవలసినదానికి మించి తీసుకోనంటాడు. సాకేతపుర జనులు ఇద్దరినీ మెచ్చుకొన్నారట. తనకు ఎంత కావాలో కౌత్సునికి తెలుసు. ఎంత చాలో తెలియనివానికి ఎంత వచ్చినా చాలదు.

మూడవది దేవత. ఈ వ్యయం ఎవరిని ఉద్దేశించినది? న్యాసంలో దేవతను హృదయస్థానంలో నిలుపుతాము. ఖర్చు చేసేటప్పుడు హృదయంలో ఎవరున్నారో చూసుకోవాలి. ప్రక్కింటివారి కన్ను ఉన్నదా? బంధువుల నోరు ఉన్నదా? వృద్ధులైన తల్లిదండ్రులు ఉన్నారా? తనవారు దుఃఖంతో బ్రతుకుతుండగా పరులకు దానం చేసేవాని ధర్మం అసలు ధర్మం కాదు, దాని వేషమేనని మనువు కఠినంగా చెప్పాడు. అది మొదట తేనెలా ఉన్నా, చివరకు విషమని అన్నాడు. తల్లి మందులకు డబ్బు పంపటానికి ఆలోచించి, తన పేరు చెక్కించే చలువరాతికి ఆలోచించకుండా ఇచ్చేవారు ఈ మాటను మనస్సులో పెట్టుకోవాలి.

నాలుగవది వినియోగం. ఇది దేనికి? ఈ ప్రశ్నకు సమాధానం వెదుక్కొనేందుకు వ్యాసభాగవతం అష్టమస్కంధంలో చక్కని విభాగం ఉన్నది. శుక్రాచార్యులు బలిచక్రవర్తితో, గృహస్థు తన ధనాన్ని ధర్మానికి, కీర్తికి, తిరిగి ధనం పెరగటానికి, భోగానికి, తనవారికి అని అయిదుగా విభజించుకొంటే ఇహంలోనూ పరంలోనూ సుఖపడతాడని చెప్పాడు. ఇందులో భోగం కూడా ఉన్నదని గమనించండి. మంచి భోజనం చేయవద్దనీ, పండుగకు కొత్తబట్టలు కట్టవద్దనీ శాస్త్రం చెప్పలేదు. వేటి స్థానం వాటికి ఇవ్వమన్నది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మనం పద్దు వ్రాసేటప్పుడు ఒక గడిది మరొక గడిలో వ్రాస్తాము. కీర్తి కోసం చేసినదానిని ధర్మమని వ్రాస్తాము. భోగం కోసం చేసినదానిని పిల్లల కోసమని వ్రాస్తాము. ఏ గడికీ చెందనిది కూడా చాలా ఉంటుంది. అది విసుగు పుట్టినప్పుడు చేసినది, ఎవరో కొన్నారని కొన్నది, అటక మీదకు చేరినది.

బలి విషయంలో మరొక విశేషం ఉన్నది. శుక్రుడు ఆ హితం చెప్పినది, వామనునికి మూడడుగులు ఇవ్వవద్దని వారించటానికే. బలి గురువు మాట సాంతం విన్నాడు, ఆలోచించాడు, ఇచ్చిన మాట తప్పటం కంటె రాజ్యం పోవటమే మేలని నిశ్చయించుకొన్నాడు. లెక్క తెలియక పోగొట్టుకొన్నవాడు కాడు బలి. తనకు దేని విలువ ఎంతో తెలిసి ఇచ్చినవాడు.

ఇక మన కాలానికి వద్దాము. వివాహాలను చూడండి. పాణిగ్రహణం, లాజహోమం, సప్తపది వివాహానికి ప్రాణం వంటివి. సప్తపది ఆచారమున్నచోట వధూవరులు కలిసి ఏడవ అడుగు వేసినప్పుడే వివాహం సంపూర్ణమౌతుందని 1955 నాటి హిందూ వివాహచట్టం కూడా చెప్తున్నది. అటువంటి సప్తపది వేళకు ఫోటోలవారు అడ్డు నిలుస్తారు, విందుకు ఆలస్యమౌతున్నదని పురోహితుని తొందరపెడతారు. ఒక్క రాత్రి నిలిచే పూలపందిరికీ, దీపాలకూ, ఎవరూ పూర్తిగా తినని నలభై రకాల వంటలకూ ధనం ధారపోస్తారు. కూతురి మెడలో పుస్తెలు పడటానికి తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్తున్నది. వచ్చిన బంధువులు మరునాటికి పందిరిని మరచిపోతారు. వడ్డీ మాత్రం నెలనెలా గుర్తుచేస్తూనే ఉంటుంది. పురోహితుని దక్షిణ పెంచమని నేను ఈ మాట చెప్పటం లేదు. మా అమ్మాయి సుఖంగా ఉండటమే మాకు ముఖ్యమని ప్రతి తండ్రీ అంటాడు. ఆ పందిరి ఖర్చులో సగం ఆ అమ్మాయి పేర ఉంచితే, ఆమె సుఖానికి ఏది తోడ్పడుతుందో మీరే చెప్పండి.

దీనికి భిన్నమైన ఇళ్ళను కూడా నేను చూశాను. మేము పాఠశాలలో చదువుకొనే రోజులలో కొందరు విద్యార్థులు వారాలు చేసుకొని భోజనం చేసేవారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం మరొక ఇల్లు. ఆ ఇళ్ళవారిలో భూస్వాములు తక్కువ. చిన్న ఉద్యోగం చేసుకొనేవారు, రెండెకరాల మీద బ్రతికేవారు ఎక్కువ. వేదం నిలవాలని వారు సభలలో ఉపన్యాసాలు ఇవ్వలేదు. వారంలో ఒక పూట ఎసట్లో మరొక పిడికెడు బియ్యం వేశారు. వారాలబ్బాయి వచ్చాడని విస్తరి వేశారు. ఆ పిడికెళ్ళతోనే ఎన్నో స్వరాలు, ఎన్నో పనసలు ఒక తరం నుండి మరొక తరానికి చేరినవి.

గోదావరి సీమలోని డొక్కా సీతమ్మగారి పేరు మీరందరూ విన్నదే. 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరంలో కాపురముండి, 1909లో పరమపదించిన ఆ తల్లి, గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళ అనక, కులమనక అన్నం పెట్టింది. ఒకమారు అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఒక పెళ్ళివారి బృందం ఆకలితో ఉండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడుతుందని పిల్లలను ఊరడించటం విని, యాత్ర మాని వెనుకకు వచ్చి వారికి వండి పెట్టిందని పెద్దలు చెప్పుకొంటారు. తీర్థయాత్ర తక్కువదని ఆమె ఆ పని చేయలేదు. తన వ్రతం ఏదో ఆమెకు సందేహం లేకుండా తెలుసు. అందువల్ల దారి మధ్యలో కూడా నిర్ణయం కష్టం కాలేదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. పేరు కోసం ఆమె పెట్టలేదు. పేరు తానై వచ్చింది.

ఇంతసేపు విన్న మీకు ఒక చిన్న నియమం చెప్తాను. పూర్వం రూపాయి చేయి దాటేటప్పుడు వేళ్ళకు తెలిసేది. నేడు ఫోను మీద వేలు తాకిస్తే చాలు, ద్రవ్యం వెళ్ళిపోతున్నది. అందువల్ల ఒక్క నెలపాటు, ప్రతిదినం దీపం పెట్టిన తరువాత, ఆనాటి ఖర్చును చిట్టాలో వ్రాయండి. నెల చివర భార్యాభర్తలిద్దరూ కూర్చొని, ప్రతి పద్దుకు ఎదురుగా ధర్మం, కీర్తి, అర్థం, కామం, స్వజనం అనే అయిదింటిలో అది దేనికి చెందుతుందో నిజాయితీగా వ్రాయండి. దేనికీ చెందనిదాని ఎదుట గడి ఖాళీగా వదలండి. ఒకరినొకరు తప్పుపట్టుకోవటానికి కాదు సుమా ఈ లెక్క. తరువాత, మాకు ఇది ముఖ్యమని మీరు ఎప్పుడూ అనే విషయం ఒక్కటి తీసుకోండి. పిల్లల చదువు కావచ్చు, తల్లిదండ్రుల సేవ కావచ్చు, అన్నదానం కావచ్చు. దానికి ఎంత వెళ్ళిందో చూడండి. మరుసటి నెల ఆ ఖాళీ గడిలోని ఒక్క పద్దును తెచ్చి దీనికి చేర్చండి. ఒక్కటి చాలు. అన్నీ ఒకేసారి మార్చాలనుకొన్న సంకల్పం అమావాస్య దాటి నిలవదు.

ఇచ్చేటప్పుడు శ్రద్ధతో ఇమ్మనీ, అశ్రద్ధతో ఇవ్వవద్దనీ, మన శక్తికి తగినట్లు, వినయంతో, ఎరుకతో ఇమ్మనీ తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి స్నాతకునికి ఉపదేశిస్తున్నది. గురుకులం విడిచి గృహస్థాశ్రమంలోకి వెళ్ళబోయే శిష్యునికి చెప్పిన మాట ఇది. అక్కడి ఎరుక అనే మాటను గట్టిగా పట్టుకోండి. కోటి రూపాయలైనా ఎరుక లేకుండా ఇస్తే అది చేతి నుండి జారిపోయినదే. పది రూపాయలైనా ఎరుకతో ఇస్తే అది హవిస్సు. హోమం చేసేటప్పుడు, ఇది ఫలానా దేవతది, నాది కాదని చెప్పి ఆహుతి వదులుతాము. నాది కాదని చెప్పి వదిలే ముందు ఎవరిదో చెప్తాము. ఆ పేరు చెప్పగలిగిన ఖర్చే చేయండి.

మీ మీ గృహాలలో నోటి సంకల్పమూ చేతి సంకల్పమూ ఒకటి అగుగాక! స్వామి అనుగ్రహం మీ అందరికీ కలుగుగాక!

స్వస్తి.