మారథాను పరుగు: నాడును నేడును

(పాఠశాల క్రీడోత్సవమునాడు తల్లిదండ్రుల సభయందు చేసిన ఉపన్యాసము)



క్రీడోత్సవమునాడు ఉపన్యాసము దీర్ఘముగా నుండరాదని కార్యదర్శిగారు ముందే హెచ్చరించిరి. పరుగును గూర్చిన మాటలు గనుక పరుగుననే ముగింతునని వారికి మాట యిచ్చితిని. మన పిల్లలలో పలువురకు తెలిసిన కథ నొకదానిని చెప్పి, అందు నిజమెంతయో విచారించుట నా యుద్దేశము.

కథ యిది. క్రీస్తుకు పూర్వము 490వ సంవత్సరమున పారశీక సైన్యము సముద్రము దాటి వచ్చి, గ్రీసు దేశమున మారథానను మైదానమునందు దిగెను. సోపు మొక్కలు పెరుగు చోటని ఆ పేరునకు అర్థము. ఏథెన్సు నగరమువారు తమకన్న పెద్దదైన ఆ సైన్యము నెదిర్చి గెలిచిరి. ఫిడిప్పిడీసను వార్తాహరుడు ఆ శుభవార్త మోసికొని నలువది కిలోమీటర్లు ఆగక పరుగెత్తి, నగర పెద్దల యెదుట మనకు జయమైనదని పలికి, ఆ మాటతోనే ప్రాణములు విడిచెను. నేటి మారథాను పందెము అతని స్మారకము. మన పిల్లలీ కథను ఇంగ్లీషుననో కన్నడముననో చదివి, యింటికి వచ్చి తెలుగున చెప్పుదురు. చెప్పునపుడు వారి కన్నులు మెఱయును. ప్రాణము పోయినను పని విడువలేదు, చూచితివా యని పెద్దలును బుద్ధి చెప్పుదురు. నాకు సందేహము ఈ బుద్ధిని గూర్చియే.

ఈ యుద్ధమునుగూర్చి మనకు దొరకు మొదటి విపులమైన చరిత్ర హెరొడోటసు వ్రాసినది. యుద్ధము జరిగిన కొలది దశాబ్దములకు వ్రాసినవాడతడు. అతని గ్రంథమున ఈ పరుగు లేదు. ఏథెన్సువారిలో పడిపోయినవారు 192 మందియని లెక్క చెప్పినవాడు, సభలో కూలిన వార్తాహరుని వదలిపెట్టునా? అతడు చెప్పిన పరుగు వేఱు, అది యీ కథకన్న పెద్దది.

పోరు మొదలు కాకమునుపే ఏథెన్సు సేనానులు సహాయము కోరి స్పార్టాకు ఒకనిని పంపిరి. అతని పేరు కొన్ని వ్రాతప్రతులలో ఫిడిప్పిడీసనియు, కొన్నింట ఫిలిప్పిడీసనియు గలదు. కబుర్లు మోసికొని పగలెల్ల పరుగెత్తుటయే అతని వృత్తి. మన దేశమునను గజ్జెలు కట్టిన ఈటె చేతబట్టి, తపాలా సంచి వీపున వేసికొని పరుగెత్తిన రన్నర్లుండిరి. అయితే మన రన్నరు కొన్ని మైళ్లు పోయి, సంచిని తరువాతి అంచెవానికి అప్పగించి ఊపిరి తీసికొనెడివాడు. ఫిడిప్పిడీసునకు అంచె లేదు. కొండలును కనుమలును దాటి సుమారు 240 కిలోమీటర్లు తానొక్కడే పోయి, బయలుదేఱిన మఱునాడే స్పార్టా చేరెనని హెరొడోటసు చెప్పుచున్నాడు.

చేరి అడిగెను. స్పార్టావారు కాదనలేదు, కాని నాడు మాసమున తొమ్మిదవ దినము. పున్నమి రానిదే దండు కదల్చుట తమ ఆచారము కాదనిరి. మంచిచెడ్డల తిథులు చూచుట మనకొక్కరికే గల అలవాటని యెవరైన తలంచిన, వారికి ఈ నవమి చాలును.

అతడు రిక్తహస్తములతో వెనుకకు వచ్చెను. మార్గమున పార్థెనియను పర్వతముపై పాన్ దేవుడు తన్ను పేరుపెట్టి పిలిచి, ఏథెన్సువారు నన్నేల పూజింపరని యడిగెనని చెప్పెను. నిద్రయు తిండియు లేక రెండు దినములు పరుగెత్తినవానికి కొండపై పిలుపు వినబడుటలో నాకు వింత కానరాదు. నగరమువారతని నమ్మిరి. యుద్ధానంతరము అక్రోపోలిసు కొండక్రింద పాన్ దేవునికి గుడి కట్టి, యేటేట బలులును దివిటీల పరుగును జరిపిరి. కావున చరిత్రలోని ఫిడిప్పిడీసు పరుగెత్తి చచ్చినవాడు కాడు. దూరము పోయి, అడుగవలసినది అడిగి, వారిపుడు రారను అప్రియమైన మాటను తిరిగి తెచ్చి తనవారికి అప్పగించినవాడు.

అట్లయిన మారథాను నుండి ఏథెన్సునకు ఎవరును పరుగెత్తలేదా? పరుగెత్తిరి. ఓడిన పారశీకులు ఓడలెక్కి, సూనియను అగ్రమును చుట్టి కావలి లేని నగరముపై పడబోయిరి. అది గ్రహించిన ఏథెన్సు సైన్యమంతయు తన కాళ్లలో గల సత్తువ కొలది నగరమునకు మరలి, ఓడలకన్న ముందే చేరెను. శత్రువు కొంత తడవు తీరమున నిలిచి, చూచి, వెడలిపోయెను. యుద్ధము చేసి అలసిన వేలాది సామాన్యుల పరుగది. వారిలో ఒక్కని పేరైనను పందెమునకు పెట్టలేదు.

ఒక్కడు పరుగెత్తి చచ్చెనను కథ సుమారు ఆరువందల యేండ్లకు ప్లూటార్కు వ్రాతలలో కనబడును. అచటను పేరు థెర్సిప్పసనియు, యూక్లీసనియు చెప్పబడినదే గాని ఫిడిప్పిడీసని కాదు. తరువాతివాడైన లూషియను ఆ మరణమును ఫిలిప్పిడీసునకు అంటగట్టెను. 1879లో ఆంగ్లకవి బ్రౌనింగు రెండు పరుగులను ఒక్కనికే కట్టి పద్యము వ్రాయగా లోకము దానినే చరిత్రగా గైకొనెను.

ప్రాచీన ఒలింపియా క్రీడలలోను మారథాను లేదు. అచటి మైదానము పొడవు సుమారు 192 మీటర్లు; మిక్కిలి దీర్ఘమైన పందెము కూడ అయిదు కిలోమీటర్లకు లోపే. నలువది కిలోమీటర్ల పందెమును కల్పించినవాడు గ్రీకు కాడు, మిషెల్ బ్రెయాలను ఫ్రెంచి భాషాశాస్త్రవేత్త. భాషాపండితులు పుస్తకములు తప్ప ఎఱుగరని నిందించువారు దీనిని గమనింతురు గాక. ఒలింపిక్కులు పునరుద్ధరింపబడుచుండగా అతడు ఈ పందెమును సూచించి, గెలిచినవానికి వెండిపాత్ర నిత్తుననెను.

1896 ఏప్రిలు 10వ తేదీన మారథాను వంతెన యొద్ద పదునేడుగురు బయలుదేఱిరి. 800, 1500 మీటర్ల పందెములు గెలిచియుండిన ఆస్ట్రేలియావాడు ఫ్లాకు, అంత దూర మెన్నడు పరుగెత్తనివాడు, దారిలో కూలెను. మూడవ స్థానమున వచ్చిన గ్రీకు యువకుడు కొంత దూరము బండిలో వచ్చెనని తేలి బహుమానము పోగొట్టుకొనెను. గెలిచినవాడు మారూసి గ్రామమున నీళ్లు మోయు స్పిరిడాన్ లూయిసు. కాలము 2 గంటల 58 నిమిషముల 50 సెకండ్లు. రాజకుమారు లిరువురు అతని ప్రక్కన పరుగెత్తి వచ్చిరి. అతడు మఱల ఏ పందెమునను పాల్గొనలేదు. మఱునాడు స్టమాటా రెవిథీయను పేద స్త్రీ యొక్కతె అదే దారిని సుమారు అయిదున్నర గంటలలో పూర్తిచేసినది. ఆమెను క్రీడాస్థలము లోనికి రానీయలేదు. ఒలింపిక్కులలో స్త్రీలకు మారథాను 1984లో గాని రాలేదు.

దూరము కూడ స్థిరముగా లేదు. 1908 లండను క్రీడలలో విండ్సరు కోటనుండి రాజకుటుంబపు ఆసనముల యెదుటివరకు కొలువగా వచ్చిన 42.195 కిలోమీటర్లనే 1921లో శాశ్వతము చేసిరి. ఆ నడుమ 1920లో ఆంట్వర్పున 42.75 కిలోమీటర్లు పరుగెత్తించిరి. నేడు మన రాష్ట్రమున నున్న బెళగావివాడైన ఫాదెప్పా దారెప్పా చౌగులే అందు పాల్గొని 19వ స్థానమున చేరెను.

ఇక నేను సందేహమని చెప్పినదానికి వత్తును. 1912 జూలై 14న స్టాకుహోము నగరమున మిక్కుటమైన ఎండలో మారథాను జరిగెను. బయలుదేఱినవారిలో ఇంచుమించు సగముమందే గమ్యము చేరిరి. పోర్చుగలు దేశపు వడ్రంగి ఫ్రాన్సిస్కో లాజరో ముప్పది కిలోమీటర్ల ప్రాంతమున పడిపోయి, మఱునాడు ఆసుపత్రిలో మరణించెను. ఎండ తగులకుండ అతడు ఒడలెల్ల మైనము పూసికొనెననియు, అందువలన చెమట పోవు దారి మూసికొనెననియు చెప్పుదురు. కథలోని చావు కల్పితము. ఈ చావు నిజము. ఆ దినములలో పరుగు నడుమ నీరు త్రాగుట బలహీనతయని భావించెడివారు. ఎనిమిది యేండ్లకు ముందు సెయింట్ లూయిసున పరుగెత్తినవారికి దారిపొడవున నీరు దాదాపు లేకుండజేసి, తూలుచున్న విజేత హిక్సునకు బ్రాందియు, స్ట్రిక్నినను విషమును ఇచ్చి నడిపించిరి.

నేటివారి మార్గమట్టిది కాదు. దేహమున నిలువయుండు చక్కెర ముప్పది కిలోమీటర్లకు తఱుగునని వారెఱుగుదురు. కావున దారిలో త్రాగుచు, తీపి పానీయములు గైకొనుచు పోదురు. వారమునకు 160 కిలోమీటర్లకు మించియు సాధన చేయుదురు. 1960లో రోము నగరమున ఇథియోపియావాడైన అబెబె బికిలా వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషములలో గెలిచెను. 2023లో ఆ దేశపు స్త్రీ టిగిస్టు అసెఫా బెర్లినున 2 గంటల 11 నిమిషముల 53 సెకండ్లలో చేరినది. ఆ యేడే కెన్యావాడు కెల్విన్ కిప్టుము చికాగోలో 2 గంటల 35 సెకండ్లలో ముగించెను. లూయిసునకు కిలోమీటరునకు నాలుగున్నర నిమిషములు పట్టగా ఇతనికి మూడైన పట్టలేదు. 2019లో వియన్నాలో కిప్చోగె రెండు గంటలలోపుననే పరుగెత్తెను. అతనికి గాలి అడ్డుకొనుటకు సుమారు నలువదిమంది వంతులవారిగా ముందుండిరి, గనుక దానిని రికార్డుగా అంగీకరింపలేదు.

కాని వీరిని ఫిడిప్పిడీసుతో పోల్చవలెనన్న వేఱొక దారి చూడవలెను. 1982లో బ్రిటిషు వైమానిక దళమువారు కొందరు ఏథెన్సునుండి స్పార్టాకు పరుగెత్తిచూచిరి. ముగ్గురు నలువది గంటలలోపుననే చేరిరి. హెరొడోటసు మాట నమ్మదగినదని అప్పుడు తెలిసెను. మఱుసటి యేటినుండి అది పందెమైనది: 246 కిలోమీటర్లు, 36 గంటల గడువు. 1984లో గ్రీకువాడు యాన్నిస్ కూరోసు 20 గంటల 25 నిమిషములలో ముగించెను. ముగింపున లియోనిడాసు విగ్రహపు పాదము తాకుదురు. అందు పలువురు నడుమనే ఆగిపోదురు. ఆగినవారిని బండిలో నెక్కించి కంబళి కప్పుదురు, గేలిచేయరు.

మన మైదానమునను నేను చూచినది చెప్పుదును. మండుటెండలో నీళ్లడిగిన బిడ్డకు, పందెమైన తరువాత ననుచు సీసాను వెనుకకు దాచిన తండ్రిని చూచితిని. ఆయన చెడ్డవాడు కాడు. ఆ బిడ్డ గెలువవలెనని మాకన్న ఎక్కువగా కోరినవాడు. ఆయన మనసులో నున్నది లూషియను చెప్పిన వార్తాహరుడు.

మూడు గంటలకు పెద్దపిల్లల మూడు కిలోమీటర్ల పరుగు గలదు. ఈ యేడు బాలికలును అదే దూరము పరుగెత్తుదురు. మైదానము చుట్టును నాలుగుచోట్ల నీళ్ల కుండలు పెట్టించితిమి. ఆగి త్రాగుటకు ఎంత సేపైనను పట్టనిండు. ప్రక్కకు వచ్చి కూర్చున్నవారి పేర్లు కూడ పట్టికలో వ్రాయబడును, వారెంత దూరము వచ్చిరో ఆ దూరముతో. తల్లిదండ్రులు సున్నపుగీతకు ఇవతల నిలువవలెనని మనవి.