మిలిటరీ నుంచి వచ్చినవారు – లా చదువు
(పేరాలలో చేసిన ప్రసంగ పాఠం)



నలభై ఏళ్ళకే మిలిటరీ నుంచి ఇంటికొచ్చిన మన కుర్రవాళ్ళు కొందరు కోర్టు, పోలీసు వ్యవహారాల చదువు చదవాలనుకుంటారు. సంతోషం. అయితే ఫీజు కట్టేముందు మూడు సంగతులు చూసుకోవాలి.

ఒకటి: 15 ఏళ్ళ సర్వీసుకు సైన్యం ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గ్రూప్-సి ఉద్యోగాలకు పనికొస్తుంది. మూడేళ్ళ లా కోర్సుకు యూనివర్సిటీ డిగ్రీయే కావాలి. జనరల్ కేటగిరీవారికి 45 శాతం మార్కులుండాలి.

రెండు: ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా తెచ్చుకున్న డిగ్రీ, బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం లాకు చెల్లదు. ఇంటర్ పాసై దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి ఇబ్బంది లేదు.

మూడు: లా మాత్రం కాలేజీకి వెళ్ళి చదవాల్సిందే. క్రిమినాలజీ డిగ్రీ విజ్ఞానం ఇస్తుంది గాని నల్లకోటు ఇవ్వదు.

వయసు మించిందన్న బెంగ వద్దు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చాక సీనియర్ ప్లీడర్లే సెక్షన్లు మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది.

1921లో మునిసిపల్ పన్ను కట్టలేమని ఊరే ఖాళీ చేసిన పేరాల ఇది. చట్టం చదివి చెప్పే మనిషి ఊళ్ళో ఉండాలి. జీవితమంతా ఫైళ్ళతో గడిపినవాళ్ళం మనం. అబ్బాయిలు సర్టిఫికెట్లు పట్టుకొస్తే ఓపికగా చూసిపెడదాం. మూడేళ్ళ కాలం, పెన్షన్ డబ్బు వృథా కాకుండా ఉంటాయి.