లినక్సు: దానియందు జనులకేల మక్కువ?



కంప్యూటరు అనగానే మన యీడువారు సాధారణముగా రెండు మాటలందురు. అది పిల్లల వస్తువనునది మొదటిది. అది మనకు లొంగదనునది రెండవది. మొదటిదానిని నేనొప్పుకొనను. రెండవదానిలో కొంత నిజము కలదు. అయితే ఆ లొంగకపోవుటకు కారణము మన వయస్సా, లేక ఆ యంత్రమును నడుపు ప్రోగ్రామునకు అమ్మినవారు వేసిన తాళమా అని విచారింపవలసియున్నది. లినక్సు అను పేరు మీలో కొందఱు వినియే యుందురు. దానిని వాడువారు దానిని గూర్చి చెప్పునపుడు ఒక పనిముట్టును గూర్చి చెప్పినట్లుండదు. తాము చదువుకొన్న బడిని గూర్చియో, తమ యూరి చెఱువును గూర్చియో చెప్పినట్లుండును. ఈ మక్కువ యెక్కడనుండి వచ్చినది?

మొదట వస్తువేదో తెలియవలెను. కంప్యూటరులో లెక్కలు కట్టునది ఒకటి, ఉత్తరములు వ్రాయునది ఒకటి, పాటలు వినిపించునది ఒకటి, ఇట్లు పలు ప్రోగ్రాములు పనిచేయుచుండును. అవి యన్నియు ఒక్క యంత్రము మీదనే బ్రతుకవలెను. ఏది ముందు, ఏది వెనుక, దేనికెంత చోటు, దేనికెంత కాలము అని నిర్ణయించు ప్రోగ్రాము వేఱొకటి యుండును. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు; నేను నిర్వాహక వ్యవస్థ అనుచున్నాను. గోదావరి కాలువల క్రింద వ్యవసాయము చేయు మనకిది తెలియుట కష్టము కాదు. కాలువలో నీరెంత యున్నను లస్కరు తలుపెత్తనిదే చేనికి రాదు గదా. కంప్యూటరులో ఆ లస్కరు ఈ నిర్వాహక వ్యవస్థ. లస్కరు ఎవరి మాట వినునో తెలిసికొనుట రైతునకెంత యవసరమో, ఈ వ్యవస్థ యెవరి మాట వినునో తెలిసికొనుట మనకంత యవసరము.

ఏ ప్రోగ్రామైనను మొదట మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయబడును. దీనిని మూలము అందము. యంత్రమునకు ఆ భాష తెలియదు గనుక మూలమును ఒకట్లు, సున్నల వరుసగా మార్చి దానికిత్తురు. కంపెనీలు పెక్కు మనకు అమ్మునది ఈ ఒకట్లు, సున్నలే. మూలమును తమ కడనే దాచుకొనును. వైద్యుడు పొట్లము కట్టి యిచ్చి యోగము చెప్పనట్లు. మందు పనిచేసినంతకాలము మనకు చింత లేదు. వైద్యుడు ఊరు విడిచిననాడు, వెల పెంచిననాడు, ఈ మందిక చేయనని చెప్పిననాడు దాని సంగతి తెలియును.

సుమారు 1980లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అను యువకుడు పనిచేయుచుండెను. వారి పరిశోధనశాలకు క్రొత్త ముద్రణయంత్రమొకటి వచ్చెను. అందు కాగితము తఱచుగా చిక్కుకొనును. పాత యంత్రములో కాగితము చిక్కినపుడు, అచ్చునకై వేచియున్నవారికి కబురు పోవునట్లు ఆయన దాని ప్రోగ్రామును సవరించి యుండెను. క్రొత్తదానికిని అట్లే చేయబోగా మూలము లేదు. అది కలిగిన వేఱొక విశ్వవిద్యాలయపు మనిషిని అడుగగా, ఇతరులకీయనని మాట యిచ్చియున్నానని అతడు నిరాకరించెను. కాగితము చిక్కుకొనుట చిన్న విషయమే. కాని పొరుగువానికి సాయపడనని ముందుగనే ప్రమాణము చేయించుకొను విద్య యేమి విద్యయని స్టాల్‌మన్ మనస్సు విఱిగెను. 1983 సెప్టెంబరు 27న, మూలము దాచని పూర్తి వ్యవస్థ యొకటి నిర్మింతునని ప్రకటించి దానికి గ్నూ అని పేరిడెను. కొన్నియేండ్లలో పెక్కు భాగములు సిద్ధమయ్యెను గాని నడుమ నుండవలసిన కీలకభాగము, కెర్నెల్ అనునది, సిద్ధము కాలేదు. 1991 ఆగస్టులో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, ఇరువదియొక్క యేండ్లవాడు, లినస్ టోర్వాల్డ్స్ తాను సరదాకై యొక వ్యవస్థను వ్రాయుచున్నానని నలుగురికి తెలిపెను. ఆ సరదాయే లినక్సు. ప్రపంచమున మిక్కిలి వేగము గలవని లెక్కకెక్కిన అయిదువందల కంప్యూటర్లును 2017 నవంబరు నుండి లినక్సు మీదనే నడచుచున్నవి. మీ మనుమల చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు అడుగున నున్నదియు ఆ కెర్నెలే. అయితే దాని మీద కంపెనీలు చేర్చు ప్రోగ్రాములలో తాళము గలవి పెక్కు గనుక, ఫోను చేతనున్నంతనే ఈ స్వేచ్ఛ యంతయు చేతికి వచ్చినదనుకొనరాదు.

మూలము నందఱికి నిచ్చినచో, ఎవడో యొకడు దానిని తీసికొని, కొంచెము మార్చి, మరల తాళము వేసి అమ్ముకొనడా యని మీకు సందేహము వచ్చియే యుండును. మా ద్రాక్షారామ భీమేశ్వరాలయమున వందలకొలది శాసనములు చెక్కబడియున్నవి. అఖండదీపములకై, నైవేద్యములకై ఇచ్చిన దానములు వానియందు వ్రాయబడియున్నవి. దానశాసనము వ్రాయించువాడు ఇచ్చి యూరకుండడు. తరువాత వచ్చువారు దీనిని హరింపరాదని చివర శాపోక్తి చేర్పించుట ఆచారము. స్టాల్‌మన్ 1989లో వ్రాసిన లైసెన్సు నేను చదివించుకొని విన్నపుడు నాకా శాసనములే స్ఫురించినవి. దీనిని తీసికొనుము, చదువుము, మార్పుము, పంచుము. కాని పంచునపుడు నీకు లభించిన హక్కులన్నియు పుచ్చుకొనువానికిని ఇయ్యవలెనని దాని తాత్పర్యము. లినక్సు కెర్నెలును 1992 నుండి ఈ నిబంధన క్రిందనే యున్నది. శాపమునకు బదులుగా చట్టము కలదు, అంతియే భేదము.

నేను వ్యాకరణము చదువుకొన్నవాడను గనుక ఇందలి రుచి నాకు వేఱొక దారిని తెలిసినది. పాణిని సుమారు నాలుగువేల సూత్రములు చేసెను. వానిని దాచియుంచి, సాధించిన శబ్దములను మాత్రము లోకమునకు పంచియున్నచో కాత్యాయనుడు వార్తికములు వ్రాయగలిగి యుండునా? పతంజలి భాష్యము పుట్టియుండునా? ఆ ముగ్గురిలో తరువాతివాని మాటకే ప్రామాణ్యమెక్కువ యని మన సంప్రదాయము. అనగా సవరణకు అంత గౌరవము. తెనుగునందును అట్లే. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును ప్రకటించెను. అందు చెప్పక విడిచినదానిని బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమున పూరించెను. ఆ గ్రంథమునకు త్రిలింగలక్షణశేషమనియే నామాంతరము. సూరిగారి సూత్రము కంటికి కనబడుచున్నది గనుకనే శేషము చెప్పువాడు పుట్టెను. లినక్సు మూలమును చదివి, అందొక ముక్క మార్చి, యంత్రము తన మాట విన్నదని గంతులు వేసిన పిల్లవానిని నేను చూచితిని. తనంత తాను మొదటి సంధి విడదీసిన విద్యార్థి ముఖమును ముప్పదియేండ్లు చూచినవాడను గనుక ఆ సంతోషమును వెంటనే గుర్తుపట్టితిని.

ఆంగ్లమున ‘ఫ్రీ’ యను శబ్దమునకు వెల లేనిదనియు, స్వేచ్ఛ గలదనియు రెండర్థములు. వానిని విడదీసి చెప్పలేక వారు మిక్కిలి శ్రమపడుచున్నారు. ఆ చిక్కు తప్పించుకొనుటకును కొందఱు 1998లో ‘ఓపెన్ సోర్స్’ అను క్రొత్త మాట తెచ్చిరి. మనకా యవస్థ లేదు. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. లినక్సు తఱచుగా ఉచితముగనే దొరకును. అందుకు సంతోషించుట తప్పుగాదు. కాని సత్రములో భోజనము దొరకినవాని సంతోషమొకటి, తన పెరటిలో కూర పండించుకొన్నవాని సంతోషమొకటి.

మా వీధి పఠనమందిరమున నొక పాత కంప్యూటరున్నది. నాలుగేండ్ల క్రిందట, అందలి వ్యవస్థకు కాలము చెల్లినదనియు, క్రొత్తది ఈ యంత్రమున కెక్కదనియు, పాత యినుము కొనువానికిచ్చి వేఱొకటి కొనుడనియు దుకాణదారు సెలవిచ్చెను. కొనుటకు డబ్బెక్కడిది? ఉద్యోగరీత్యా బెంగళూరున నుండు నా పూర్వశిష్యుడొకడు సంక్రాంతికి వచ్చి, వ్రేలెడంత పెన్‌డ్రైవులో తెచ్చిన లినక్సును అందు పెట్టెను. యంత్రము గంటలో లేచి కూర్చున్నది. నాటినుండి పదవ తరగతి పిల్లలు దానిమీద చదువుకొనుచున్నారు. అది ముసలిదై పడిపోలేదు. దానికి తిండి పెట్టువారు మానివేసిరి, అంతియే. పదవీ విరమణ చేసినవాడను గనుక ఆ యంత్రముపై నాకు కొంత పక్షపాతమున్నదేమో!

ఇక భాష మాట. కంపెనీ లాభము చూచి భాషను చేర్చును. లాభము తక్కువ గల భాష తన వంతు వచ్చువఱకు వాకిట నిలువవలెను. మూలము తెఱచియున్నచోట నెవరికక్కఱ గలదో వారే పూనుకొనవచ్చును. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన అను పేర్లతో తెలుగు ఫాంటులు, అనగా కంప్యూటరునకు కావలసిన అక్షరరూపములు, సిద్ధపఱచి పైన చెప్పిన లైసెన్సు క్రిందనే లోకమునకిచ్చిరి. 2005లో హైదరాబాదున నేర్పడిన స్వేచ్ఛ యను సంస్థవారు, డెబియన్ అను లినక్సు రకమును ఆధారముగా గొని తెలుగున మాటలాడు వ్యవస్థను కూర్చిరి. కేంద్రప్రభుత్వపు సీ-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ అను వ్యవస్థయు డెబియన్ మీద నిలిచినదే. వీనిలోని తెలుగు మాటలు చాలవఱకు జీతము పుచ్చుకొనక పనిచేసినవారు కూర్చినవి. ఫైలును వారు దస్త్రమనిరి. 1984లో కరణీకములు రద్దైనపుడు అటకెక్కినదనుకొన్న కరణముగారి దస్త్రము కంప్యూటరు తెరమీద కనబడుట నాకు ముచ్చటగొలిపినది.

అయితే అదే తెరమీద నొకనాడు ‘ఖచ్చితంగా తొలగించాలా’ అని యుండెను. కచ్చితమునకు ఒత్తెక్కడిదని నేను శిష్యునితో ఫోనులో గొణిగితిని. “మాస్టారూ, మీరు వ్రాసి యీయుడు, నేను పంపెదను” అని వాడనెను. ఒక చీటీ వ్రాసితిని. వాడు దానిని ఆ తెలుగుసేత చూచువారికి పంపెను. కొన్ని మాసములకు వ్యవస్థ తన్ను తాను క్రొత్తపఱచుకొన్నపుడు ఒత్తు పోయి కచ్చితము వచ్చెను. వేలకొలది కాపీ పుస్తకములు దిద్దితిని. నా దిద్దుబాటు ఎన్ని యూళ్ల తెరలమీద కనబడునో లెక్కకు రాకపోవుట ఇదియే మొదలు. వెల యిచ్చి కొన్నదానిలో ఆ ఒత్తు కనబడినచో ఎవరికి చెప్పుకొందును?

ఇందు ఇబ్బందులు లేవనుట వకాల్తా యగును గాని ప్రసంగము గాదు. కొన్ని ముద్రణయంత్రములు దీనితో పొసగవు. చెడినపుడు పిలువదగిన మరమ్మతుదారు పల్లెలలో దొరకుట కష్టము. లినక్సు రకములు వందలు. వానిలో నేది మేలని వాడువారు తమలో తాము చేసికొను వాదములు అద్వైత విశిష్టాద్వైతుల వాదములకు తీసిపోవు. దుకాణపు లెక్కలు ఏదో యొక ప్రత్యేకమైన ప్రోగ్రాముమీదనే నడుపుకొనువారు తొందరపడి మారుట మంచిదని నేననను. ఉన్న వ్యవస్థను చెఱపకుండ, పెన్‌డ్రైవు నుండియే దీనిని నడిపి చూచు వీలు కలదు. ఆ రుచి చూచిన పిమ్మట నిర్ణయించుకొనవచ్చును. అచ్చుకూటములలో పాతపద్ధతి అక్షరములతో కూర్చిన తెలుగు దస్త్రములును ఇందు గజిబిజిగా కనబడును. అవి యూనికోడు అను ప్రపంచమంతయు నొప్పుకొన్న అక్షరసంఖ్యల పట్టికను అనుసరింపకపోవుటయే కారణము.

ఆ పట్టికలో తెలుగునకు 1991లోనే చోటు దొరకినను, దంత్యములైన ౘ, ౙ లు 2008లోను, నకారప్పొల్లు 2021లోను చేరినవి. సంఖ్య కేటాయించినంతమాత్రమున అక్షరము తెరమీదికి రాదు. దాని రూపమును గీసి ఫాంటులో చేర్పవలెను. మా పఠనమందిరపు కంప్యూటరులో మేము వాడు ఫాంటునందు నకారప్పొల్లు లేదు. దాని స్థానమున ఖాళీ చదరము కనబడుచున్నది. ఆ ఫాంటు మూలము తెఱచియే యున్నది గనుక వచ్చు సంక్రాంతికి వచ్చి గీయుట నేర్పెదనని శిష్యుడు చెప్పినాడు. పాత అచ్చుపుస్తకములనుండి మంచి రూపమొకటి యేరిపెట్టు పని నాకప్పగించినాడు. మీ యిండ్ల యటకలమీద తాతల నాటి తెలుగు పుస్తకములున్నచో, వానియందు ఆ పొల్లు ఎట్లున్నదో యొకసారి చూచి నాకు వ్రాయుడు. పుటలు చినిగినవైనను పరవాలేదు.