నలుగుపిండి



మా రామగిరి ఖిల్లా గల కొండ మందుమొక్కలకు పేరుగన్నది. చుట్టునున్న సీమ బొగ్గుగనులది. గనినుండి వెలువడిన కార్మికుని మేన చెమటయు బొగ్గుపొడియు కలిసి అంటుకొని యుండును. దానిని వదల్చుటకు క్షారముగల సబ్బుతో మాటిమాటికి రుద్దినచో, మురికితోపాటు చర్మమునందలి సహజమైన జిడ్డును పోవును. ఒడలు పొడిబారి దురద పుట్టును.

నలుగు మనకు క్రొత్తది గాదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యలో అభ్యంగమును, ఉద్వర్తనమును విధించినాడు. నూనె రాచి, పెసరపిండితో నలిచి, గోరువెచ్చని నీట స్నానమాడిన మురికి వదలును, చర్మము మృదువుగా నుండును.

అయినను, ప్రకృతిసిద్ధమైనదెల్ల హానిలేనిదని తలపరాదు. నేనట్లే తలచితిని. ఒక వేసవిని, మేలు చేయునుగదా యని మా మనుమరాలి నలుగుపిండిలో బావంచాలు మిక్కిలిగా కలిపితిని. ఆ బిడ్డ దానిని చేతులకు పట్టించుకొని ఎండలో ఆడుకొనెను. రెండు దినములకు బొబ్బలు లేచెను. బావంచాలలోని సోరలెన్ అను పదార్థము ఎండతో కూడినపుడు చర్మమును కాల్చుననియు, ఆ గుణమును బట్టియే బొల్లిరోగమునకు దానిని కొలతతో వాడుదురనియు వైద్యుడు తెలిపెను. శాస్త్రము చదివిన నేను కొలత మరచితిని. మచ్చలు మాయుటకు నెలలు పట్టెను.

కావున అంగడి డబ్బీపై ఆకుబొమ్మను జూచి మురియక, అందేమేమి కలిపిరో చదువుడు. ఇంటిపిండినైనను మొదట మోచేతి లోపల కొంచెము పూసి, రెండు దినములు చూచి, పిదప వాడుడు. పుండుగాని దద్దురుగాని యున్నచో నలుగు మాని వైద్యుని యొద్దకేగుడు.